ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చినవాళ్లకు ఆన్‌లైన్ గ్రూపులు: ఏది ఎవరికి పనికొస్తుంది?

నాన్న పీఎస్ఏ రిపోర్టు, అంటే ప్రోస్టేట్ జబ్బు అనుమానం తెలిపే రక్తపరీక్ష రిపోర్టు, వచ్చిన రాత్రి ఒక్క గంటలో ఆరు గ్రూపుల్లో చేరాను. ఫేస్‌బుక్‌లో రెండు, రెడిట్‌లో ఒకటి, ఒక బ్రిటిష్ వేదిక, ఒక అమెరికా వేదిక, చివర్లో ఎవరో లింకు పంపితే ఒక వాట్సాప్ గ్రూపు. మామూలుగా 4 లోపు ఉండాలని చెప్పే అంకె, నాన్న రిపోర్టులో 46 అని ఉంది. తెల్లారేసరికి ఫోన్ నిండా నోటిఫికేషన్లే, బుర్రలోకి మాత్రం ఒక్క ముక్క ఎక్కలేదు. తెనాలిలో నాన్న హాయిగా నిద్రపోయారు. ఆయనకు ఇంకా చెప్పలేదు మరి.

మూడు నెలలు తిరిగేసరికి ఆరింట్లో నాలుగు వదిలేశాను. ఆ ఏడాదే మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, నాన్నను చూసి భయపడి పరీక్ష చేయించుకుంటే ఆయనకూ అదే జబ్బు తొలిదశలో బయటపడింది. నాకు అంత మేలు చేసిన రెండు గ్రూపులూ చూపిస్తే ఆయన ఒక్క రోజులో బెంబేలెత్తిపోయారు. "ఇవన్నీ నాకూ వస్తాయారా?" అని రాత్రి పదకొండింటికి ఫోన్. అప్పటిదాకా మంచి గ్రూపు ఏది అని వెతికానే గానీ, ఎవరికి మంచిది అన్న సంగతి నాకు తట్టలేదు.

ఇద్దరికీ కలిపి రెండేళ్లుగా ఈ వేదికల మీద తిరుగుతున్నాను. డాక్టర్‌ని కాను. ఏ మందు వాడాలో చెప్పే అర్హత నాకు లేదు, ఎక్కడ ఏం అడిగితే ఉపయోగమో మాత్రం కొంత తెలిసింది.

ముందు రిపోర్టు, తర్వాత గ్రూపు

పేరు ఒకటే అయినా ప్రోస్టేట్ గ్రంథి దాటని చిన్న కణితి ఉన్న మనిషి సమస్య వేరు, ఎముకలకు పాకిన మనిషి సమస్య వేరు. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెడితే ఒకరికి లేనిపోని భయం, ఇంకొకరికి విసుగు.

బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అని ఒక పెద్ద పరిశీలన జరిగింది. క్యాన్సర్ గ్రంథికే పరిమితమైన 1,643 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆపరేషన్, ఒక జట్టుకు రేడియేషన్, మూడో జట్టుకు వెంటనే ఏ చికిత్సా లేకుండా పరీక్షలు చేస్తూ కనిపెట్టి ఉండటం. 15 ఏళ్లు గడిచాక ఫలితాలు 2023లో వచ్చాయి. ఏ జట్టు చూసినా ఈ జబ్బుతో చనిపోయినవాళ్లు నూటికి ముగ్గురికి అటూ ఇటూగా ఉన్నారు. అలాంటి దశలో ఉన్న మా మావయ్య అడగాల్సినవి ఆపరేషనా రేడియేషనా, మూత్రం లీకవడం ఎన్నాళ్లుంటుంది, దాంపత్యం సంగతేంటి, అసలు ఆగి చూడొచ్చా అన్నవి. నాన్నకు గ్లీసన్ స్కోరు (కణితి ముక్క తీసి చూసి క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో వేసే అంకె) 4+4, వెన్నెముకలో రెండు చోట్ల మచ్చలు. మా ఇంట్లో ప్రశ్నలు హార్మోన్ చికిత్స గురించి, ఎముకల గురించి, ఈ మాత్ర పనిచేయడం మానేస్తే తర్వాత ఏమిటన్న దాని గురించి.

కాబట్టి బయాప్సీ, స్కాన్ రిపోర్టులు చేతికొచ్చేదాకా ఏ గ్రూపులోనూ చేరకపోయినా నష్టమేమీ లేదు. ఒక్క పీఎస్ఏ అంకె పట్టుకుని వెళ్తే ఎవరూ ఏమీ చెప్పలేరు, చెప్పినా అది ఊహే. నేను పోగొట్టుకున్న మొదటి రెండు వారాల నిద్ర ఈ తొందర వల్లే.

రెండో సంగతి, కీబోర్డు ముందు కూర్చునేది ఎవరు? తెలుగు ఇళ్లలో చాలావరకు జబ్బు ఒకరిది, ఫోన్ ఇంకొకరిది. కొడుకో, కూతురో, కోడలో అడుగుతారు. పేషెంట్లు మాత్రమే మాట్లాడుకునే చోట మనం దూరితే కొంత ఇబ్బందిగానే ఉంటుంది. కొన్ని వేదికల్లో చూసుకునేవాళ్లకు వేరే విభాగం ఉంటుంది, అది ముందే చూసుకోండి. పోనీ నాన్నే స్వయంగా అడుగుతారా అంటే, మన పత్రికలు ఈ గ్రంథికి పెట్టిన పేరే పౌరుష గ్రంథి. ఆ పేరున్న చోట జబ్బు వచ్చిందని ఆయన నలుగురిలో ఎలా చెప్పుకుంటారు!

జబ్బు ముదిరిన దశలో: హెల్త్‌అన్‌లాక్డ్, ఆన్‌క్యాన్

నాన్న కోసం నేను ఎక్కువ కాలం ఉన్నది హెల్త్‌అన్‌లాక్డ్ అనే వేదిక మీద అడ్వాన్స్డ్ ప్రోస్టేట్ క్యాన్సర్ పేరుతో ఉన్న సమూహంలో. దాన్ని అమెరికాకు చెందిన మేల్‌కేర్ అనే స్వచ్ఛంద సంస్థ నడుపుతుంది. పేరులో ఉన్నట్టే ఇది ముదిరిన దశ వాళ్ల కోసం. మావయ్య బెంబేలెత్తింది ఇక్కడే.

అక్కడివాళ్లు ఎలా మాట్లాడతారో ఒక్కసారి దగ్గరగా చూపిస్తాను. చాలామంది తమ చరిత్రంతా సంకేతాల్లో కుదించి రాస్తారు. ఫలానా ఏడాది డీఎక్స్, గ్లీసన్ 4+5, ఆర్పీ, ఆ తర్వాత బీసీఆర్, ఆర్టీ, ఇప్పుడు ఏడీటీ, ఇలా. డీఎక్స్ అంటే జబ్బు నిర్ధారణ కావడం. ఆర్పీ అంటే గ్రంథిని తీసేసిన ఆపరేషన్, ఆర్టీ రేడియేషన్. బీసీఆర్ అంటే చికిత్స తర్వాత పీఎస్ఏ మళ్లీ పెరగడం. ఏడీటీ అంటే మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ని అణిచిపెట్టే హార్మోన్ చికిత్స. ఎస్ఈ అంటే దుష్ప్రభావాలు. మొదటి వారం ఇది ఎవరో గూఢచారులు రాసుకున్న ఉత్తరంలా అనిపించింది. అలవాటయ్యాక మాత్రం ఒక్క వరసలో మనిషి పదేళ్ల కథ కనిపిస్తుంది. మన డాక్టర్ చెప్పిన మాటల్లో సగం ఈ సంకేతాల పుణ్యమా అని తర్వాత అర్థమయ్యాయి.

ఇక్కడి బలం అనుభవం. పదేళ్లు, పదిహేనేళ్లుగా ఈ జబ్బుతో బతుకుతున్నవాళ్లు జవాబిస్తారు. కొందరు వైద్య పత్రికల వ్యాసాలు చదివి మరీ వాదించుకుంటారు. బలహీనత కూడా అక్కడే ఉంది. జబ్బును సొంతంగా పరిశోధించే బాపతు మనుషులు ఎక్కువ కాబట్టి సప్లిమెంట్లు, వేరే జబ్బుల మందులు, సొంత ప్రయోగాలు చర్చకు వస్తూనే ఉంటాయి. హార్మోన్ చికిత్సలో వాడే అబిరాటెరాన్ మాత్ర పరగడుపున 1000 మిల్లీగ్రాముల బదులు, ఆహారంతో 250 మిల్లీగ్రాములు వేసుకోవడం గురించి నేను మొదట విన్నది అక్కడే. దాని మీద 72 మందితో నిజంగానే ఒక చిన్న అధ్యయనం జరిగింది, 2018లో అచ్చయింది. మా డాక్టర్‌ని అడిగితే ఆయనకు ఆ సంగతి ముందే తెలుసు, నాన్న విషయంలో ఎందుకు వద్దో ఐదు నిమిషాలు విడమర్చి చెప్పారు. గ్రూపులో విన్నదాన్ని ఇలా ప్రశ్నగా మార్చి డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్తే లాభం. నేరుగా మాత్రల డబ్బా దగ్గరికి పట్టుకెళ్తే ప్రమాదం.

ఇంకో సౌకర్యం, ఇక్కడ పోస్టును అందరికీ కనిపించేలా పెట్టొచ్చు, సమూహంలో ఉన్నవాళ్లకే కనిపించేలానూ పెట్టొచ్చు. రెండోదే ఎంచుకోండి. నేను ఈ సంగతి గమనించకముందు పెట్టిన మొదటి పోస్టు గూగుల్‌లో వెతికితే దొరికింది. అదృష్టం కొద్దీ అందులో ఊరి పేరు లేదు.

రాయడం, చదవడం మీద మోజు లేనివాళ్లకు ఆన్‌క్యాన్ బాగుంటుంది. ఇదీ అమెరికాదే, ఉచితమే, కానీ పద్ధతి వేరు. వీడియో కాల్‌లో అందరూ కూర్చుని వంతులవారీగా మాట్లాడుకుంటారు. ముదిరిన దశకు ఒక సమావేశం, చికిత్స లేకుండా పరీక్షలతో కనిపెట్టి ఉండేవాళ్లకు ఇంకొకటి, ఇలా విడివిడిగా పెడతారు. మనకు ఇబ్బంది టైమే. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఎనిమిది అంటే మనకు మర్నాడు ఉదయం ఐదున్నర, వాళ్ల చలికాలంలో ఆరున్నర. మన పెద్దవాళ్లు ఆ వేళకు ఎలాగూ లేచే ఉంటారు. అసలు అడ్డంకి ఆ యాస. నాన్న ఒక్కసారి కూర్చున్నారు. పావుగంట విని, "వీళ్లందరూ నవ్వుతున్నారేంట్రా?" అని అడిగి లేచి వెళ్లారు. మళ్లీ కూర్చోలేదు, కానీ ఆ నవ్వుల సంగతి చాలా రోజులు తలుచుకున్నారు.

తొలిదశలో, ఆపరేషన్ తర్వాత: ప్రోస్టేట్ క్యాన్సర్ యూకే, రెడిట్, జీరో

మావయ్య బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, ఇంగ్లిష్ బాగా చదువుతారు. గ్లీసన్ 3+4, హైదరాబాద్‌లో రోబోటిక్ ఆపరేషన్ చేయించుకున్నారు. ఆయనకు సరిపడింది ప్రోస్టేట్ క్యాన్సర్ యూకే అనే బ్రిటిష్ సంస్థ నడిపే ఆన్‌లైన్ సమూహం. అక్కడ మాటతీరు నెమ్మది. మందుల వాదనలు తక్కువ, బతుకు సంగతులు ఎక్కువ. ఇదే సంస్థకు ఫోన్‌లో మాట్లాడే స్పెషలిస్టు నర్సులు కూడా ఉన్నారు. లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉన్న తెలుగువాళ్లయితే సమూహం కన్నా ముందు ఆ ఫోనే చేయాలి, నన్నడిగితే.

ఆపరేషన్ అయ్యాక మావయ్య పెళ్లిళ్లకు వెళ్లడం మానేశారు. కారణం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆయన పెళ్లంటే పట్టుపంచె కట్టే మనిషి. మూత్రం చుక్కలు చుక్కలుగా లీకవుతుంటే తెల్లటి పంచెలో నలుగురి మధ్య కూర్చోవడం ఎలా? ఆ ప్రశ్న నన్ను కూడా అడగలేదు, బ్రిటన్‌లో ముక్కూ మొహం తెలియని మగవాళ్లను అడిగారు. పంచె అంటే ఏమిటో ముందు వాళ్లకు వివరించాల్సి వచ్చిందట. స్కాట్లాండ్ ఆయన ఒకరు, తమ పెళ్లిళ్లలో కట్టే గళ్ల కిల్టుతో తనదీ అదే అవస్థ అని రాశారు. ఆ తర్వాత సలహాలు వరసగా వచ్చాయి. కొన్నాళ్లు ముదురు రంగు ప్యాంటు వేసుకోండి, ప్యాడ్ ఒకటి మార్చుకోవడానికి, ఒకటి జాగ్రత్తకు. బయల్దేరే ముందు కాఫీ, టీ మానండి, మంచినీళ్లు మాత్రం మానొద్దు. కుర్చీ వరస చివర కూర్చోండి. కటి కండరాలను బిగించి వదిలే కెగెల్ వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర సరిగా నేర్చుకోండి, చాలామంది పొట్ట బిగిస్తూ అదే కెగెల్ అనుకుంటారు. చివరిది మావయ్యకు అక్షరాలా వర్తించింది. ఆరు వారాలుగా ఆయన బిగిస్తున్నది పొట్టే.

రెడిట్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్ పేరుతోనే ఒక విభాగం ఉంది. పేరు, ఫోన్ నంబర్ చెప్పక్కర్లేదు, జవాబు గంటల్లో వస్తుంది. వయసులో కొంచెం చిన్నవాళ్లు, మా నాన్నకు ఇప్పుడే తెలిసింది అంటూ వచ్చే కొడుకులు, కూతుళ్లు ఇక్కడ ఎక్కువ కనిపిస్తారు. దాంపత్యం గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకునేదీ ఇక్కడే. మనకు ఆ అవసరం లేదని అనుకోవద్దు, అరవై దాటినవాళ్లకు అలాంటి బెంగ ఉండదనుకోవడం కొడుకుల అమాయకత్వం. అయితే అప్పుడే ఆపరేషన్ అయినవాళ్లే ఎక్కువ రాస్తారు. బాగైపోయినవాళ్లు పని చూసుకుని వెళ్లిపోతారు. పదిమంది కష్టాలు చదివి అందరికీ ఇంతే అనుకోకుండా ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి.

అమెరికాలో ఉన్నవాళ్లకు జీరో ప్రోస్టేట్ క్యాన్సర్ అనే సంస్థ దగ్గర చాలా ఉన్నాయి. 1990లో పేషెంట్లే పెట్టుకున్న అస్ టూ అనే పాత సంస్థ 2021లో ఇందులో కలిసింది. ఇన్‌స్పైర్ వేదిక మీద చర్చలు, ఊళ్లవారీ సమావేశాలు ఉన్నాయి. వీటన్నిటికన్నా నాకు నచ్చింది మెంటర్ పద్ధతి. మీలాంటి చికిత్సే దాటి వచ్చిన, శిక్షణ పొందిన ఒక వలంటీర్‌ని మీతో ఒక్కరితోనే మాట్లాడిస్తారు. గుంపంటే పడనివాళ్లకు ఇంతకన్నా మంచి దారి లేదు.

అమెరికన్ క్యాన్సర్ సొసైటీ నడిపే క్యాన్సర్ సర్వైవర్స్ నెట్‌వర్క్, మేయో క్లినిక్ కనెక్ట్ కూడా ఉన్నాయి. రెండూ మర్యాదగా, శుభ్రంగా నడుస్తాయి. పాత చర్చలు వెతుక్కుని చదవడానికి బాగుంటాయి. రోజూ వెళ్లి కూర్చోవాలని మాత్రం నాకు అనిపించలేదు.

ఫేస్‌బుక్ గ్రూపుల గురించి క్లుప్తంగా: సొంత పేరు, ఫొటో కనిపిస్తాయి. చేరిన రెండో రోజు నుంచి నాకు ప్రోస్టేట్ మందుల ప్రకటనలు మొదలయ్యాయి. వదిలేసిన నాలుగింట్లో ఈ రెండూ ఉన్నాయి.

వాట్సాప్ గ్రూపులు: మన దగ్గరివాళ్లు, మన తలనొప్పి

తెలుగులో మాట్లాడుకోవాలంటే ప్రస్తుతానికి ఎక్కువగా దొరికేది వాట్సాప్ గ్రూపులే. ఒక ఆసుపత్రి చుట్టూనో, ఒక డాక్టర్ పేషెంట్ల మధ్యో, వెయిటింగ్ హాల్లో పరిచయమైన కుటుంబాల మధ్యో పుడుతుంటాయి. ఏ ఇంగ్లిష్ వేదికా చెప్పలేని సంగతులు వీటిలో దొరుకుతాయి. క్యాన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో చూపే పీఎస్ఎంఏ పెట్ స్కాన్‌కి అపాయింట్‌మెంట్ ఎక్కడ తొందరగా దొరుకుతుంది, పెన్షనర్ల ఈహెచ్ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య పథకం) కార్డు మీద ఏ కాగితం అడుగుతారు, ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గరికి ఎన్నింటికి వెళ్లాలి, రేడియేషన్ కోసం ఐదారు వారాలు హైదరాబాద్‌లో ఉండాలంటే దగ్గర్లో గది ఎక్కడ, వాడగా మిగిలిన ప్యాడ్లు ఎవరికైనా కావాలా. ఇవి చిన్న విషయాలు కావు. నాన్న ఫైలు రెండుసార్లు వెనక్కి వచ్చినప్పుడు, ఏ సంతకం తక్కువైందో ఒంగోలు నుంచి ఒకాయన వాయిస్ మెసేజ్‌లో చెప్పారు.

ఇక తలనొప్పి సంగతి. నేను చేరిన మొదటి గ్రూపులో మూడో రోజే లక్ష్మణ ఫలం ఆకుల కషాయం వచ్చింది. కీమో కన్నా పదివేల రెట్లు శక్తి అట. ఆ పళ్ల మీద ల్యాబుల్లో పరీక్షలు జరిగిన మాట నిజమే, మనుషుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్‌ని నయం చేసిందన్న రుజువు మాత్రం లేదు. మర్నాడు వంటసోడా, నిమ్మకాయ. ఆ పై వారం ఒకతను నాకు విడిగా మెసేజ్ పెట్టి, మూడు నెలల మూలికా కోర్సుకి అడ్వాన్స్ పంపమన్నాడు. ఇంజక్షన్లు ఆపేస్తేనే తన మందు పనిచేస్తుందట. అడ్మిన్‌కి చెబితే, నమ్మకం ఉన్నవాళ్లు వాడతారు, మనకెందుకు అన్నారు. ఆ పూటే బయటికి వచ్చేశాను.

అప్పటి నుంచి వాట్సాప్ గ్రూపు మంచిదో కాదో తేల్చుకోవడానికి ఒకటే చూస్తున్నాను: ఇలాంటి ఫార్వర్డ్ వచ్చినప్పుడు అడ్మిన్ ఏం చేస్తారు? తీసేస్తే ఉండొచ్చు. దండం పెట్టే బొమ్మ పెడితే వచ్చేయొచ్చు.

వాట్సాప్‌లో మన నంబర్ అందరికీ కనిపిస్తుందన్నది ఇంకో చిక్కు. మనవాళ్లలో నంబర్ తెలిస్తే ఊరు, ఊరు తెలిస్తే ఇంటిపేరు తెలిసిపోతాయి. మా బంధువుల్లో ఒకావిడ, కూతురికి సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడీ సంగతి బయటపడితే ఎలా అని భర్త జబ్బు రెండేళ్లు దాచారు. తప్పని తీసిపారేయలేం. కానీ దాచడంలో ఒక నష్టం ఉంది. ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్లలో కొందరికి బీఆర్‌సీఏ2 అనే జన్యువులో మార్పు ఉంటుంది. అది పిల్లలకు రావచ్చు, కూతుళ్లలో రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచుతుంది. ఆ పరీక్ష గురించి నాన్న డాక్టర్‌ని అడగాలని నాకు తెలిసింది హెల్త్‌అన్‌లాక్డ్‌లో. పేరు చెప్పకుండా అడిగే వీలున్న చోటుకి ఇలాంటి ఇళ్లలో విలువ ఎక్కువ.

అక్కడి మాట ఇక్కడ అతికించేటప్పుడు

మా ఇంట్లో పెద్ద గొడవ ఒకటి అమెరికా వేదిక వల్లే వచ్చింది. నాన్నకు డాక్టర్ రెండు దారులు చెప్పారు. నెలకో మూడు నెలలకో ఇంజక్షన్ తీసుకుంటూ ఉండటం, లేదా ఒకేసారి చిన్న ఆపరేషన్‌తో వృషణాలు తీసేయడం, దీన్నే ఆర్కిడెక్టమీ అంటారు. టెస్టోస్టెరాన్ తగ్గించడంలో రెండూ ఒకటే పని చేస్తాయి. నేను వెళ్లి అక్కడ అడిగాను. ఇంకా అది చేస్తున్నారా, డాక్టర్‌ని మార్చండి అన్నట్టు జవాబులొచ్చాయి. నేను అవే మాటలు ఇంట్లో అన్నాను, అమ్మ ఏడ్చింది.

తర్వాత తెలిసింది, అమెరికాలో అది అరుదు, మన దేశంలో మామూలు. జీవితాంతం ఇంజక్షన్ల ఖర్చు, ప్రతిసారీ పట్నం రావడం, ఒక డోసు ఆలస్యమైతే వచ్చే ఇబ్బంది, ఇవన్నీ లెక్క చూసుకుని చాలామంది అదే ఎంచుకుంటారు. అక్కడ ఇన్సూరెన్స్ లెక్క వేరు. అక్కడ బ్రాండు పేరుతో లక్షల్లో ఉండే అబిరాటెరాన్‌ని ఇక్కడ జెనెరిక్ కంపెనీలు చాలా తక్కువకు అమ్ముతాయి. వాళ్లకు దొరకనిది మనకు దొరకొచ్చు, వాళ్లకు మామూలైంది మనకు భారం కావచ్చు. నాన్న రెండు రోజులు ఆలోచించి ఆపరేషనే అన్నారు. "నెలనెలా గుర్తుచేసుకోవడం కన్నా ఇదే నయం" అన్నారు, అంతే.

అంకెలతోనూ జాగ్రత్త. ఆపరేషన్ అయ్యాక నాన్న టెస్టోస్టెరాన్ 17 అని వచ్చింది. అదే వారం బ్రిటన్ ఆయన ఒకరు తనకు 0.6 వచ్చిందని సంబరంగా రాశారు. నాకు చెమటలు పట్టాయి. నాన్నది ముప్పై రెట్లు ఎక్కువా? కాదు. మన ల్యాబ్ డెసీలీటర్‌కి నానోగ్రాముల్లో ఇచ్చింది, బ్రిటన్‌లో లీటర్‌కి నానోమోల్స్‌లో ఇస్తారు. 17ని 28.8తో భాగిస్తే దాదాపు 0.6 వస్తుంది. ఇద్దరిదీ ఒకటే స్థాయి! హార్మోన్ చికిత్సలో దాటకూడని 50 అనే హద్దు వాళ్ల కొలతలో 1.7. మన దగ్గరే కొన్ని ల్యాబులు మిల్లీలీటర్ లెక్కన ఇస్తాయి, అప్పుడు అదే హద్దు 0.5 అవుతుంది. అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉండే కొలత చదవకుండా ఎవరితోనూ పోల్చుకోవద్దు.

పీఎస్ఏకి ఈ కొలతల గొడవ లేదు గానీ చికిత్సను బట్టి అర్థం మారుతుంది. గ్రంథి తీసేసినవాళ్లకు 0.2కి చేరితే డాక్టర్లు జాగ్రత్తపడతారు. రేడియేషన్ తీసుకున్నవాళ్లకు గ్రంథి అక్కడే ఉంటుంది కాబట్టి పీఎస్ఏ మెల్లగా దిగుతుంది, మధ్యలో ఒకసారి కొంచెం ఎగిసి మళ్లీ తగ్గొచ్చు కూడా. మావయ్య ఒకసారి రేడియేషన్ వాళ్ల చర్చలో దూరి, వాళ్ల 0.8ని చూసి జాలిపడి వచ్చారు. వాళ్లకు అది శుభవార్త.

మొదటి పోస్టు ఎలా రాయాలి

నా మొదటి పోస్టు, మా నాన్నకు క్యాన్సర్, పీఎస్ఏ 46, ఏం చేయాలి? దానికి ధైర్యంగా ఉండండి అని పద్నాలుగు జవాబులు వచ్చాయి. రెండోసారి ఇలా రాశాను. వయసు 71, షుగర్ ఉంది, గుండె జబ్బు లేదు. పీఎస్ఏ ఫలానా నెలల్లో ఇంతింత. బయాప్సీలో 12 ముక్కల్లో 9 పాజిటివ్, గ్లీసన్ 4+4. స్కాన్‌లో వెన్నెముకలో రెండు చోట్ల. నొప్పి లేదు. ఇండియాలో ఉన్నాం. ఆర్కిడెక్టమీతో పాటు అబిరాటెరాన్ ఇస్తామన్నారు. షుగర్ ఉన్నవాళ్లు దాంతో ఇచ్చే స్టెరాయిడ్ విషయంలో డాక్టర్‌ని ఏమేం అడగాలి? దీనికి వచ్చినవి ఐదే జవాబులు, ఐదూ పనికొచ్చాయి. బీపీ, పొటాషియం ఎన్నాళ్లకోసారి చూడాలో, షుగర్ డాక్టర్‌కి ముందే ఎందుకు చెప్పాలో, ఎముకల సాంద్రత పరీక్ష ఎప్పుడు చేయించాలో ఒక చీటీ మీద రాసుకుని ఆసుపత్రికి వెళ్లాను.

రిపోర్టు ఫొటో పెట్టాల్సి వస్తే పేరు, ఆసుపత్రి నంబర్, బార్‌కోడ్ నల్లగా కొట్టేయండి. అసలు చికిత్స సరైనదేనా అన్న సందేహం ఉంటే అది గ్రూపులో తేలేది కాదు. దానికి రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి, దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి అయిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ నిపుణుల అభిప్రాయాన్ని నవ్య అనే సేవ ద్వారా రిపోర్టులు పంపి ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు. విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ఉన్నాయి.

మనసు బాగాలేక రాత్రిళ్లు నిద్రపట్టని స్థితిలో ఉంటే అప్పుడు కూడా గ్రూపు సరిపోదు. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. హార్మోన్ చికిత్సలో మనసు కుంగడం మందు ప్రభావం వల్ల కూడా వస్తుంది కాబట్టి క్యాన్సర్ డాక్టర్‌కి చెప్పడం మరవొద్దు.

ఏ గ్రూపులోనూ చేరని మనిషికి

నాన్న ఇప్పటికీ ఏ గ్రూపులోనూ లేరు. చికిత్స మొదలైన రెండో నెలలో రాత్రిళ్లు ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలు, చెమట, చొక్కా తడిసిపోవడం. ఏసీ పెట్టమంటారు, పది నిమిషాలకు తీసేయమంటారు. నేను ఇంగ్లిష్ వేదికల్లో చదివింది తెలుగు చేసి చెబుతున్నాను, టెస్టోస్టెరాన్ పడిపోవడం వల్ల, హాట్ ఫ్లాషెస్ అంటారు అని. వంటింట్లోంచి అమ్మ వచ్చి మొత్తం విని, "ఇదేగా నాకు నలభై ఎనిమిదో ఏట మూడేళ్లు వచ్చింది. అప్పుడు మీ నాన్నగారు ఫ్యాన్ వేస్తే చలేస్తోందని దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకునేవారు" అంది.

నాన్న ఏమీ అనలేదు. ఆ రాత్రి నుంచి నూలు బనియన్, తలగడ పక్కన తడి తువ్వాలు, పడుకునే ముందు కారం, వేడి కాఫీ బంద్, అన్నీ అమ్మ చెప్పినట్టే. నేను గ్రూపులో అడిగి తెచ్చిన జాబితాలోనూ ఇవే ఉన్నాయి, కాకపోతే అమ్మ చెబితే విన్నారు.

మావయ్యకు లీకు బాగా తగ్గింది, ప్యాడ్లు మానేశారు. మొన్న మాఘమాసంలో పంచె కట్టుకుని మరీ పెళ్లికి వచ్చారు. బ్రిటిష్ సమూహంలోకి ఇప్పుడు నెలకోసారి వెళ్తారట, కొత్తగా వచ్చినవాళ్లకు పొట్ట బిగించవద్దని చెప్పడానికి. నేను హెల్త్‌అన్‌లాక్డ్‌లోనూ, ఒంగోలు ఆయన ఉన్న వాట్సాప్ గ్రూపులోనూ మిగిలాను. నాన్న పీఎస్ఏ వచ్చే వారం చూడాలి. రిపోర్టు వచ్చే రోజు తప్ప మిగతా రోజుల్లో రెండిటి నోటిఫికేషన్లూ ఆపేసి ఉంచుతాను.